ఊరి రాయికి ఊరే కాపలా

తెలుగు పాఠాలు చెప్పి రిటైరయ్యాక నేను పూర్తిగా శాసనాల పనిలో పడ్డాను. మాది హసన్‌పర్తి. మా బృందం చిన్నది: ఒక ఫొటోగ్రాఫరు, ఇద్దరు చరిత్ర విద్యార్థులు, సెలవు దొరికితే వచ్చే ఒక పోస్ట్‌మ్యాన్. ఏ ఊళ్లో ఏ రాయి ఉందో ముందు తెలిసేది ఆయనకే.

మేం చేసే పనిలో ముఖ్యమైంది రాతి మీది అక్షరాన్ని కాగితం మీదికి తీసుకోవడం. ముందు కొబ్బరిపీచుతో, నీళ్లతో రాయి కడగాలి. ఇనుప బ్రష్ తగలనీయకూడదు. తడి కాగితం పరిచి, దట్టమైన బ్రష్‌తో కొడుతూ పోతే అది అక్షరాల గాడుల్లోకి దిగుతుంది. ఎక్కడ గాలిబుడగ మిగిలితే అక్కడ అక్షరం పోయినట్టే. కాగితం కాస్త ఆరాక, మసి సిరాలో అద్దిన గుడ్డ ఉండతో మెల్లగా తట్టాలి. పైభాగం నల్లబడి, గాడిలోని అక్షరం తెల్లగా తేలుతుంది. అరిగిపోయిన రాయిని సాయంత్రం ఏటవాలు ఎండలో చదవాలి. నడిమధ్యాహ్నం చదును రాయిలా కనిపించిన చోట సాయంత్రానికి వరసలు బయటపడతాయి.

తరువాత తేదీ లెక్క. శక సంవత్సరానికి 78 కలిపితే చాలనుకుంటారు. వేయిస్తంభాల గుడిలోని కాకతీయ రుద్రదేవుని శాసనంలో శకం 1084, చిత్రభాను సంవత్సరం, మాఘమాసం అని ఉంది. 78 కలిపితే 1162 వస్తుంది. కానీ మాఘం వచ్చేసరికి ఇంగ్లిషు సంవత్సరం మారిపోతుంది కాబట్టి అది 1163 జనవరి. మా బృందంలోని విద్యార్థులకు నేను మొదట నేర్పేది ఈ లెక్కే.

ఈ దారి మాకు ముందే వేసి పెట్టినవాళ్లున్నారు. 1922లో హైదరాబాదులో ఒక పరిశోధక మండలి పుట్టింది. మరుసటి ఏడు చరిత్ర పరిశోధకులు కొమర్రాజు లక్ష్మణరావు గారు కన్నుమూయడంతో ఆయన పేరు మీద అది లక్ష్మణరాయ పరిశోధక మండలి అయింది. ఆదిరాజు వీరభద్రరావు గారు దాని బరువు మోశారు. నిజాం రాజ్యంలో తెలుగు బడికే దిక్కులేని రోజుల్లో శాసనాలు సేకరించి, 1935లో ‘తెలంగాణా శాసనములు’ మొదటి సంపుటం అచ్చువేశారు. అదే ఏడు రాజమహేంద్రవరం నుంచి మారేమండ రామారావు గారి సంపాదకత్వంలో ‘కాకతీయ సంచిక’ వచ్చింది. నిజాం ప్రభుత్వానికి 1914 నుంచే యాజ్దానీ గారి నాయకత్వంలో పురావస్తుశాఖ ఉంది. అయినా ఊరి రాయి గురించి తెలుగువాళ్లకు తెలుగులో చెప్పాలన్న పట్టుదల మాత్రం ఇలాంటి మండళ్లదే. వాళ్ల రుణం మాటలతో తీరదు.

మాకు ఎదురయ్యే పెద్ద అడ్డంకి గుప్తనిధుల భ్రమ. ఒక ఊళ్లో చెరువు కట్ట మీద కాగితం పరుస్తుంటే ఓ ముసలాయన వచ్చి నిలబడ్డాడు.

“ఏంది సారూ, గీ రాయి కింద బంగారమున్నదా?”

“బంగారం లేదు బాపూ. మీ ఊరి గుడికి ఎవరో భూమి ఇచ్చిన సంగతి రాసి ఉంది.”

“మా ఊరి పేరున్నదా గండ్ల?”

వేలు పెట్టి చూపించాను. ఆయన పోయి నలుగురిని పిలుచుకొచ్చాడు. రాతి పైభాగాన చెక్కిన సూర్యచంద్రులు, ఆవు దూడ ఎందుకో అడిగారు. సూర్యచంద్రులున్నంత కాలం ఈ దానం చెల్లాలని చెప్పాను. ఆ రాయిని ఇప్పుడు ఊరే కాస్తున్నది.

నా అనుభవంలో తాళం, కంచె కంటే పెద్ద కాపలా ఇదే. అందుకే ప్రతి రాయినీ చదివాక అక్కడే, ఊళ్లో వాళ్లకు వినిపించి వస్తాం. చదవకుండా వదిలేసిన రాళ్లకు ఏమవుతుందో కూడా చూశాం. భక్తితోనే సున్నం కొడతారు, అక్షరాల మీద ఆయిల్ పెయింట్ దిద్దుతారు. దిద్దేవాడికి పాతలిపి రాదు. వాడు గీసిన గీతే తరువాతివాళ్లకు అక్షరమైపోతుంది.

మీ ఊళ్లో శాసనం ఉంటే దయచేసి రంగు వేయనీయకండి, జరపనీయకండి. సాయంత్రపు వెలుగులో నాలుగు ఫొటోలు తీసి హెరిటేజ్ తెలంగాణ శాఖకు పంపండి. చదివి చెప్పేవాళ్లు వచ్చినరోజు మీ పిల్లల్ని వెంటబెట్టుకుని రండి.