సరిపోతేనే మాఫీ

సెడార్ పార్క్, టెక్సస్

9 సెప్టెంబరు 2024, సోమవారం

తమ్ముడి కాగితాలన్నీ ఈ సాయంత్రం డైనింగ్ టేబుల్ మీద పరిచాం. అన్నిటికన్నా పైన డీడీ-214. సైన్యం నుంచి బయటికొచ్చేటప్పుడు చేతిలో పెట్టే కాగితం ఇదే, ఏ ఆఫీసుకెళ్ళినా ముందు దీన్నే అడుగుతారు. 11వ గడిలో వాడి పని రాసుంది: 12ఆర్, ఇంటీరియర్ ఎలక్ట్రీషియన్. 14వ గడిలో చేసిన కోర్సులు, ఒక్కోటి ఎన్ని వారాలో.

ఎమ్మెస్ చదవడానికొచ్చినవాడు 2014లో మావ్ని పథకం కింద చేరాడు. గ్రీన్‌కార్డు లేకపోయినా, వాళ్ళకొచ్చిన భాషలు అవసరమై కొందరిని సైన్యంలోకి తీసుకున్న పథకం అది. 2016లో ఆపేశారు. వాడు యూనిఫాం వేసుకున్న ఫొటో పంపితే బాపు చాలా రోజులు ఫోనెత్తలేదు.

ఇప్పుడు వాడికి కావలసింది జర్నీమాన్ ఎలక్ట్రీషియన్ లైసెన్సు. అది లేనంతకాలం ఎక్కడికెళ్ళినా అప్రెంటిసే.

"మాజీ సైనికులకు ఫీజు మాఫీ ఉందటక్కా" అన్నాడు. ఉంది. టెక్సస్ 2015లో చట్టం చేసింది. దరఖాస్తు ఫీజు, పరీక్ష ఫీజు రెండూ వదిలేస్తారు.

12 సెప్టెంబరు, గురువారం

చట్టం తీసి చదివాను. వదిలేస్తారు సరే, ఎవరికి? సైన్యంలో చేసిన పనీ పొందిన శిక్షణా లైసెన్సు షరతులన్నిటికీ దాదాపుగా సరిపోయినవాడికి. లేదంటే ఇంకో రాష్ట్రంలో ఇలాంటి లైసెన్సే ఉన్నవాడికి.

జర్నీమాన్‌కి షరతు 8,000 గంటల పని, అదీ మాస్టర్ ఎలక్ట్రీషియన్ పర్యవేక్షణలో. వారానికి నలభై గంటల లెక్కన దగ్గర దగ్గర నాలుగేళ్ళు. పదేళ్ళు చేసినవాడికి నాలుగేళ్ళు ఓ లెక్కా అనుకున్నాను. వాడు నవ్వాడు.

"ఆర్మీల ఎలక్ట్రీషియనంటే రోజూ వైరింగే చేస్తడనుకున్నవా అక్కా? సోమారం మోటార్ పూల్ల బండ్లు చూసుకోవాలె. గార్డు డ్యూటీ, ఫైరింగ్, పొద్దున పీటీ. క్యాంపు కట్టే పని పడ్డప్పుడు మాత్రం తిండి తినుటానికి గూడ టైముండది. ఆ గంటలు ఎవరు రాసిండ్రు?"

నేవీలో నిర్మాణ పనులు చేసే సీబీలకు యూఎస్‌మ్యాప్ అని ఒక అప్రెంటిస్ పథకం ఉంది. పని చేసిన గంటలు ఎప్పటికప్పుడు రాసుకుంటే, చివర్లో కార్మిక శాఖ సర్టిఫికెట్ ఇస్తుంది. తమ్ముడి యూనిట్‌లో రాసుకోమని చెప్పినవాళ్ళు లేరు.

15 సెప్టెంబరు, ఆదివారం

బాపు ఫోన్. ఊళ్ళో ఇంకా తెలంగాణ సర్కారు పంట రుణమాఫీ ముచ్చటే. ఆగస్టు పదిహేనుకి రెండు లక్షల దాకా అయిపోయిందన్నారు కదా, మనకు పడలేదా అని అడిగాను. రెండు లక్షలకు పైన ఉన్నది ముందు కడితేనే మిగతాది మాఫీ అట.

తమ్ముడి సంగతి చెబితే ఆయనకు వివరించాల్సిన అవసరమే రాలేదు. "మాఫీ అన్నంక లిస్టుంటది. లిస్టన్నంక కిరికిరుంటది. అమెరికాల గూడ అంతేనా?" అన్నాడు.

2 అక్టోబరు, బుధవారం

లైసెన్సు కోసం తమ్ముడు పెట్టిన దరఖాస్తుకు జవాబు వచ్చింది. సర్వీసులో కొంత భాగాన్ని అనుభవం కింద జమ చేస్తారు. మిగిలిన గంటలు బయట మాస్టర్ దగ్గర పూర్తి చేసి రావాలి. షరతులన్నీ తీరలేదు కాబట్టి మాఫీ వర్తించదు.

రాసినవాళ్ళ తప్పేం లేదు, చట్టంలో ఉన్నదే రాశారు. నాకు మింగుడుపడనిది చట్టమే. అన్నీ సరిపోయినవాడు వెంటనే లైసెన్సు తెచ్చుకుని సంపాదనలో పడతాడు. సగమే సరిపోయినవాడు తక్కువ కూలికి ఇంకో ఏడాదో రెండేళ్ళో లాగాలి. చేతిలో డబ్బాడని ఈ రెండోవాడికే ఫీజు. విస్కాన్సిన్‌లో ఇంత మెలిక లేదట. అక్కడి మాజీ సైనికుల శాఖ అర్హత చూసి ఒక కోడ్ ఇస్తుంది, మొదటి లైసెన్సు ఫీజు పోతుంది.

ఇంత చేసీ, ఈ లైసెన్సు ఫీజు 30 డాలర్లు. పరీక్ష డబ్బులు కూడా, మాజీ సైనికుల చదువు ఖర్చుకిచ్చే జీఐ బిల్లు కింద ఒక్కో పరీక్షకు 2,000 డాలర్ల దాకా తిరిగొస్తాయి, తప్పినా సరే. కాకపోతే చదువు కోసం దాచుకున్న వాటాలో అంత తగ్గుతుంది. అంటే ఇది అసలు డబ్బు సమస్యే కాదు. ఫీజు మాఫీకి ఏ సభలోనూ అడ్డు చెప్పేవాడుండడు. ఖజానాకు పోయేది చిల్లర, వచ్చేది చప్పట్లు. గంటల జోలికెళితేనే గొడవ మొదలవుతుంది.

20 అక్టోబరు, ఆదివారం

వాడు పొద్దుటినుంచీ కోడ్ బుక్కుకి రంగు ట్యాబులు అంటిస్తున్నాడు. 2023 నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్, ఇటుకంత లావుంది. పరీక్షలో పుస్తకం చూసి రాయొచ్చు, కానీ వెతుక్కుంటూ కూర్చుంటే టైము చాలదు. 310.16 పట్టిక దగ్గర ఎర్ర ట్యాబు. ఏ మందం తీగ ఎంత కరెంటు మోస్తుందో అందులో ఉంటుందట.

1950లలో అమెరికాలో లైసెన్సు కావలసిన పనివాళ్ళు నూటికి ఐదుగురు కూడా లేరనీ, ఇప్పుడు పావు వంతు మందికి కావాలనీ 2015 వైట్‌హౌస్ నివేదికలో చదివాను. ఇన్ని లైసెన్సులెందుకు అని వాడి దగ్గర విసుక్కున్నాను. వాడు తల ఎత్తకుండానే చెప్పాడు. 2008 జనవరిలో బాగ్దాద్ స్థావరంలో ఒక సైనికుడు స్నానం చేస్తూ షాక్ కొట్టి చచ్చిపోయాడు. నీళ్ళ పంపుకి ఎర్తింగ్ సరిగా లేదు. సైన్యంలో ఎలక్ట్రీషియన్లందరికీ తెలిసిన సంగతే ఇది.

"ఫీజు తీసెయ్యుమను, మంచిదే. పరీక్ష మాత్రం ఉండాలె అక్కా."

11 నవంబరు, సోమవారం

వెటరన్స్ డే. ఒక రెస్టారెంటులో మాజీ సైనికులకు భోజనం ఉచితం అంటే వెళ్ళాం. కార్డు చూపిస్తే స్టేక్ తెచ్చి పెట్టారు. ఎన్ని గంటలు పని చేశావు, నీ శిక్షణ ఈ స్టేక్‌కు సరిపోతుందా అని ఎవరూ అడగలేదు. ఈ మాట అంటే వాడు పొలమారేంత నవ్వాడు.

24 నవంబరు, ఆదివారం

వాడు రౌండ్ రాక్‌లో ఒక మాస్టర్ దగ్గర అప్రెంటిస్‌గా చేరాడు. అప్రెంటిస్ లైసెన్సు 20 డాలర్లు తనే కట్టుకున్నాడు. ఈసారి గంటలు రోజుకారోజు రాసుకుని, వారం చివర మాస్టర్ చేత సంతకం పెట్టించుకుంటున్నాడు.

టెక్సస్ చట్టసభ బేసి సంవత్సరాల్లోనే కూర్చుంటుంది, వచ్చే జనవరిలో మొదలు. మా ప్రతినిధికి రాస్తున్న ఉత్తరంలో రెండే అడిగాను. సగం సరిపోయినవాళ్ళకూ ఫీజు వదిలేయండి. దానికన్నా ముందు, సైన్యంలో చేసిన పనిని గంటల్లోకి మార్చే కొలత ఒకటి ఒక్కో వృత్తికీ మీరే రాసి పెట్టండి. బయటికొచ్చేవాడు ఎన్ని గంటలు చేతికొస్తాయో సర్వీసులో ఉండగానే చూసుకుంటాడు. తమ్ముడు చదివి, రెండోదాన్ని పైకి తెచ్చి, కింద ఒక వాక్యం కలిపాడు: రెండూ కుదరకపోతే ముప్పై డాలర్లు మేమే కట్టుకుంటాం, గంటలు మాత్రం లెక్కపెట్టండి.