వెనక ఇల్లు... ముందు ఘాట్‌!

చోడవరం నుంచి మన్యం ఎక్కాలంటే దగ్గరి దారి వడ్డాది, మాడుగుల మీదుగా పాడేరు ఘాట్‌. కారొక్కటే అయితే మాడుగుల హల్వా కొనుక్కుని హాయిగా ఎక్కేయొచ్చు. దాని వెనక చక్రాల ఇల్లు, అదే ట్రావెల్‌ ట్రైలర్‌ తగిలిస్తే మాత్రం కిలోమీటర్లు కాదు, మలుపులు లెక్కపెట్టాలి.

మలుపులో ట్రైలర్‌ కారు వెళ్లిన జాడలో రాదు, లోపలి అంచుకు జరిగిపోతుంది. గోవాడ ఫ్యాక్టరీకి చెరకు తోలిన ట్రాక్టర్‌ డ్రైవర్లకు ఈ సంగతి బాగా తెలుసు. ఎదురుగా బస్సొస్తే వెనక్కి తీయడం మరీ కష్టం. దిగేటప్పుడు బ్రేకు మీదే కాలుంచితే అది వేడెక్కి పట్టు వదిలేస్తుంది. చిన్న గేరులోనే దిగాలి. 2023 ఆగస్టులో ఈ ఘాట్‌లోనే ఆర్టీసీ బస్సు లోయలో పడింది.

అందుకే ట్రైలర్‌ను మాడుగులలో ఆపి, కారులో కొండెక్కడమే మేలు. వంజంగి మేఘాలు చూడ్డానికి ఇల్లు కూడా వెంట రానక్కర్లేదు కదా!