గెలవదనుకున్న గుర్రం

యూకేలో ఎమ్మెస్సీ చేస్తున్న రోజులు. లీడ్స్‌లో చిన్న గది, నెలకి అద్దె 420 పౌండ్లు. ఫ్రెండ్ ఫోన్లో బెట్టింగ్ ఎక్స్ఛేంజ్ చూసినప్పుడు నాకు ముందు నచ్చింది డబ్బు కాదు, దాని వెనకున్న ఇంజిన్. నిజంగానే. ఇంట్లో చెబితే నమ్మలేదనుకోండి.

మామూలు బుకీ అయితే పందెం అతనితోనే. టాస్ లాంటి సగం-సగం పందేనికి 2.00 రేటు రావాలి, అతను 1.90 ఇస్తాడు. ఆ తేడాయే అతని సంపాదన. ఎక్స్ఛేంజ్‌లో మీ ఎదుట బుకీ ఉండడు, మీలాంటి ఇంకో మనిషి ఉంటాడు. 2000లో లండన్‌లో మొదలైన బెట్‌ఫెయిర్‌తో ఈ పద్ధతి బాగా పాకింది. గెలుస్తుందనేవాడు ‘బ్యాక్’ చేస్తాడు, నీలం గడి. గెలవదనేవాడు ‘లే’ చేస్తాడు, పింక్ గడి. ఇద్దర్నీ కలపడమే సాఫ్ట్‌వేర్ పని, అచ్చం షేర్ మార్కెట్‌లాగే. మంచి రేటు ఇచ్చేవాడు ముందు. రేటు ఒకటే అయితే ముందొచ్చినవాడు ముందు. నేను 30 పౌండ్లకి రెడీ అంటే, అవతల 18కే మనిషి దొరికితే, మిగతా 12 క్యూలో నిలబడుతుంది. ఎవరూ రాకపోతే ఆ 12కి పందెమే లేదు.

నాకో బ్రహ్మాండమైన ఐడియా వచ్చింది. గెలిచే గుర్రాన్ని పట్టుకోవడం కష్టం, ఓడేదాన్ని పట్టుకోవడం ఈజీ కదా! 15 రేటు దగ్గరున్న గుర్రాల్ని పదేసి పౌండ్లకి ‘లే’ చేశాను. వరసగా పదకొండు గెలిచాను. ఐదు శాతం కమిషన్ పోగా 104.50 పౌండ్లు. నేను మామూలోణ్ణి కాదనిపించింది.

పన్నెండోసారి పదిని ముప్పై చేశాను. రేటు 15. గుర్రం గెలిస్తే నేను కట్టాల్సింది 30 ఇంటూ 14, అంటే 420. స్క్రీన్ మీద ఆ అంకె కనబడుతూనే ఉంది. అద్దె డబ్బులే ఖాతాలో వేశాను.

గెలిచింది.

ఆ రాత్రి నోట్‌బుక్‌లో లెక్క వేశాను. 15 రేటు అంటేనే పదిహేనింట ఒకసారి గెలుస్తుందని జనం అంచనా. పద్నాలుగుసార్లు పదేసి వస్తే 140. ఒక్కసారి పోతే 140. చేతికి సున్నా, అందులోంచి కమిషన్ ఏడు పౌండ్లు పోతుంది. పదకొండు గెలుపులూ నా తెలివి కాదు, పదిహేనోది ఇంకా రాలేదంతే. ఇంజినీరింగ్‌లో ప్రాబబిలిటీ పేపర్ పాసైనవాణ్ణి నేను! అద్దె కోసం నాన్నకి ఫోన్ చేసి, ఫీజు అని అబద్ధం చెప్పాను.

ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం. ఇక్కడ ఆన్‌లైన్ బెట్టింగ్ 2017 నుంచే నిషేధం. అయినా మొన్న ఖమ్మం నుంచి బాబాయి కొడుకు స్క్రీన్‌షాట్ పంపాడు. ఎవరో వాట్సాప్‌లో ఇచ్చిన ఐడీ, క్రికెట్ మ్యాచ్, అవే నీలం, పింక్ గడులు.

“అన్నా, పింక్‌లో 12 ఉంది. 500 పెడితే పోయేది 500యే కదా?”

“కాదురా. 5,500.”

చాలాసేపు జవాబు లేదు. “ఇప్పటికే ఎన్ని పెట్టావ్?” అన్నాను. టైపింగ్ అని కనబడుతోంది, ఆగిపోతోంది, మళ్లీ కనబడుతోంది. ఇంక ఆగలేక ఫోన్ చేశాను.