వేడెక్కిన చక్రం

సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాళ్ల అనుమానాలన్నీ అరుగుదల చుట్టూనే తిరుగుతాయి. టైర్లు ఎంత అరిగాయి, క్లచ్ ప్లేటు ఎన్నాళ్లు వస్తుంది, లైనర్లు ఎంత మిగిలాయి. అరిగినవి మార్చేస్తే బండి మళ్లీ దారిన పడుతుందని లెక్క. వెనక చక్రాల్లో ఉన్నవన్నీ మంచి స్థితిలోనే ఉండి, అరిగిందీ విరిగిందీ ఏదీ లేకుండా, అయినా బ్రేకు తేడాగా పడుతుంటే ఆ లెక్కతో ఏమీ తేలదు.

నేను కొన్న చిన్న హ్యాచ్‌బ్యాక్ అలాంటిదే. ఏబీఎస్ లేని కాలపు బండి. ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. బ్రేకు మీద కాలు పెడితే ఎడమకి లాగేది. మరీ గట్టిగా కాదు, స్టీరింగ్ మీద రెండు చేతులూ ఉంటే పట్టించుకోనంత. తడి రోడ్డు మీద మాత్రం వెనక భాగం ఒక్క క్షణం తన దారి తాను చూసుకునేది.

మన రోడ్లు నీళ్లు పోవడానికి మధ్యలో ఎత్తుగా, అంచులకి వాలుగా ఉంటాయి. మనం నడిపేది ఎడమ పక్కన. కాబట్టి స్టీరింగ్ వదిలేస్తే బండి కాస్త ఎడమకే జారుతుంది. ఎడమకి లాగుతోందని ఎవరికి చెప్పినా ముందు వచ్చే జవాబు ఇదే. ఆ తర్వాతి జవాబు వీల్ అలైన్‌మెంట్. అదీ అయ్యాక ఒక వర్క్‌షాపులో వెనక డ్రమ్ములు తాకి చూశారు. ఎడమది కుడిదానికన్నా వేడిగా ఉంది. ఇంకేం, దొంగ దొరికాడన్నారు. ఎడమ చక్రం పట్టేస్తోందని తేల్చి లైనర్లు మార్చారు, డ్రమ్ము లేత్ పట్టించారు. లేత్ పట్టించిన ప్రతిసారీ డ్రమ్ము లోపలి కొలత కాస్త పెరుగుతుంది. ఎంతవరకు పెరగొచ్చో డ్రమ్ము మీదే పోతపోసి ఉంటుంది. ఆ అంకె చదివేవాళ్లు తక్కువ, లేత్‌కి పంపేవాళ్లు ఎక్కువ. ఎలాగైతేనేం, డ్రమ్ము నునుపు తేలింది, లాగుడు మాత్రం పోలేదు.

విజయవాడ ఆటోనగర్‌లో ఏ పనికి ఆ మనిషి ఉంటాడు. లారీ బాడీలు కట్టేవాళ్లు వేరు, రేడియేటర్లు చూసేవాళ్లు వేరు. అక్కడ బ్రేకు పనులే చేసే ఒక పెద్ద మేస్త్రి దగ్గరికి బండి తీసుకెళ్లాను. ఇప్పటిదాకా జరిగిన రిపేర్ల చరిత్ర చెప్పబోతే సగంలోనే ఆపాడు.

"అవన్నీ తర్వాత సార్. ముందు ఖాళీ రోడ్డెక్కించి నెమ్మదిగా పోనివ్వండి. కాలు పెట్టకండి, హ్యాండ్ బ్రేకు నేను లాగుతా."

లీవరు చివర బటన్ నొక్కిపట్టి, కొద్దికొద్దిగా పైకి లాగాడు. బండి తిన్నగా వెళ్లి ఆగింది. ఈసారి కాలితో ఆపమన్నాడు. ఎడమకి లాగింది.

"అయితే లైనర్లది కాదు, డ్రమ్ముదీ కాదు," అన్నాడు. అంతకుమించి వివరించలేదు. ఆలోచిస్తే అంతకన్నా అక్కర్లేదు కూడా. హ్యాండ్ బ్రేకు లాగినా, కాలితో నొక్కినా వెనక డ్రమ్ముని ఒత్తేవి అవే లైనర్లు. తేడా వాటిని కదిపే దారిలో ఉంది. హ్యాండ్ బ్రేకుది తీగ దారి, పెడల్‌ది ఆయిల్ దారి. తీగతో లాగినప్పుడు రెండు వైపులా సమంగా పట్టి, ఆయిల్‌తో ఒత్తినప్పుడు సమంగా పట్టకపోతే లోపం ఆయిల్ దారిలోనే ఉండాలి. చక్రం విప్పకుండానే సగానికి సగం అనుమానాలు తుడిచిపెట్టుకుపోయాయి. ఆ తర్వాత వెనక రెండు చక్రాలూ జాకీల మీదికి ఎత్తి, నన్ను పెడల్ కొంచెం కొంచెంగా నొక్కమని, తాను చక్రాలు చేత్తో తిప్పి చూశాడు. ఎడమది బిగిసినా కుడిది ఇంకా తిరుగుతోంది.

డ్రమ్ బ్రేకు పని నేర్చుకునేవాళ్లకి మొదట చెప్పే జాగ్రత్త ఒకటుంది: ఒకసారి ఒక వైపే విప్పు, ఏ స్ప్రింగు ఎక్కడో మర్చిపోతే రెండో వైపు చూసి బిగించు. మంచి సలహా. అయితే రెండో వైపు సరిగ్గా ఉందన్న నమ్మకం మీదే అది నిలబడుతుంది. మేస్త్రి రెండు వైపులూ విప్పించాడు. రెండు గోనెసంచులు పరిపించి, ఎడమవి ఒకదాని మీద, కుడివి ఒకదాని మీద, విప్పిన వరుసలోనే పెట్టించాడు. కుర్రాడు ఒక స్ప్రింగు అటుది ఇటు పెట్టబోతే, "ఒరేయ్, ఇలాగే వచ్చిందిరా ఈ బండికి జబ్బు," అన్నాడు. ఆ మాటకి అర్థం కాసేపటికి గానీ నాకు తెలియలేదు.

వీల్ సిలిండర్లు రెండూ పైకి ఒకేలా ఉన్నాయి. బోల్టు రంధ్రాలు అవే, పైపు బిగించే మర అదే. లోపలి పిస్టన్లు తీసి వెర్నియర్ పెడితే ఎడమది 19.05 మిల్లీమీటర్లు, కుడిది 17.46. అంటే ఒకటి ముప్పావు అంగుళం, ఇంకోటి అంగుళంలో పదహారింట పదకొండు వంతులు. తేడా ఒకటిన్నర మిల్లీమీటర్ల పైచిలుకే. కానీ ఒత్తేది వైశాల్యం కదా. వర్గాలు వేసి చూస్తే కుడి సిలిండర్ ఎడమదానికన్నా దాదాపు 16 శాతం తక్కువ బలంతో ఒత్తుతోంది. పైగా ఆ బలంలో కొంత, లైనర్లని వెనక్కి లాగే స్ప్రింగులని సాగదీయడానికే పోతుంది. ఆ ఖర్చు రెండు వైపులా ఒక్కటే కాబట్టి, మెల్లగా నొక్కినప్పుడు డ్రమ్ముకి అందే బలంలో తేడా 16 శాతం కన్నా పెద్దదవుతుంది.

కడ్డీలతో, తీగలతో బ్రేకులు వేసే రోజుల్లో నాలుగు చక్రాలకీ సమానంగా లాగేలా సర్దుకోవడమే పెద్ద పని. మాల్కం లాక్‌హెడ్ హైడ్రాలిక్ పద్ధతి 1921లో డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రాలకూ ఎక్కాక ఆ బాధ తగ్గింది. మూసిన పాత్రలోని ద్రవం మీద ఒత్తిడి పెడితే అది అన్ని వైపులకీ సమానంగా పాకుతుందన్న పాస్కల్ సూత్రం సమానత్వాన్ని తనే చూసుకుంటుంది. పాస్కల్ మాట ఇచ్చింది ఒత్తిడికే, బలానికి కాదు. అవతల ఉన్న పిస్టన్ సైజుకి ఆయన పూచీ లేదు.

రెండూ వేరని తేలింది. ఏది సరైనది? నేనైతే ఎడమదే తప్పనుకున్నాను. వేడెక్కిందీ, లాగిందీ అదే కదా. మేస్త్రి ఊహించలేదు. ఛాసిస్ నంబరు రాసిచ్చి కుర్రాణ్ని పార్ట్స్ షాపుకి పంపాడు. ఆ నంబరు బండికి రావాల్సింది 19.05. ఎడమ చక్రం మొదటినుంచీ తన పని తాను చేస్తోంది. కుడిది చెయ్యని పనికి అందరూ ఎడమదాన్ని అనుమానించి, విప్పి, గీకి, లైనర్లు మార్చారు. డ్రమ్ము వేడి ఏ చక్రం ఎక్కువ ఆపుతోందో చెబుతుంది. అది ఎక్కువ ఆపుతోందా, రెండోది తక్కువ ఆపుతోందా అన్నది వేడిని బట్టి తెలియదు.

గోనెసంచుల మీద ఇంకొకటి కూడా బయటపడింది. లైనర్ అరిగేకొద్దీ దాన్ని డ్రమ్ముకి దగ్గరగా జరిపే అడ్జస్టర్లు ఈ బండిలో పళ్లచక్రం రకం. ఒకవైపు దానికి కుడి మర, రెండో వైపు దానికి ఎడమ మర. ఎవరో రెండు వైపులవీ ఒకే పళ్లెంలో వేసి, తిరిగి బిగించేటప్పుడు అటుది ఇటు వేశారు. తిరిగిన ప్రతిసారీ పొడవు పెరగాల్సింది తగ్గుతూ వచ్చింది. కొన్నాళ్లుగా హ్యాండ్ బ్రేకు లీవరు పైపైకి వస్తుండటం అందుకే. వర్క్‌షాపుల్లో ప్రతిసారీ కేబుల్ బిగించి పంపేవారు. కేబుల్ అలా బిగిస్తూ పోతే లోపలి లీవరు పూర్తిగా వెనక్కి రాదు, అడ్జస్టర్ బాగున్నా పని చెయ్యలేదు.

సిలిండర్లు రెండూ కొత్తవి వేసి, అడ్జస్టర్లు ఎవరి చోటికి వాళ్లని చేర్చి, ఎయిర్ తీశారు. బ్రేకు వేస్తే ఇప్పుడు తిన్నగా ఆగుతుంది. స్టీరింగ్ వదిలేస్తే ఎడమకి జారడం అలాగే ఉంది, అది నిజంగానే రోడ్డు వాలు. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి. అది ఉన్న బండైతే తడి రోడ్డు మీద ఆ వెనక కదలికని అదే సర్దేసేదేమో. సిలిండర్ తేడా అలాగే ఉండిపోయేది.

పాత యజమాని ఇచ్చిన ఫైలు తిరగేస్తే ఒక బిల్లులో ఉంది: వీల్ సిలిండర్ – 1. ఏ వైపో లేదు, సైజు లేదు. లైనర్లు రెండు చక్రాలకీ కలిపి సెట్టుగా అమ్ముతారు. సిలిండర్ విడిగానూ దొరుకుతుంది, ఒక్కటి కారితే ఒక్కటే మార్చేస్తారు. ఇప్పుడు తెలిసినవాళ్లెవరైనా బండి చూసిపెట్టమంటే, అద్దంలా మెరిసే పెయింటుని వాళ్లకే వదిలేసి బిల్లుల్లో ఆ ‘1’ కోసం వెతుకుతాను. కనిపిస్తే ఏ వైపు వేశారని అడుగుతాను. అమ్మేవాళ్లకి సాధారణంగా తెలియదు. అప్పుడు దగ్గర్లో ఖాళీ రోడ్డు ఎక్కడుందని అడుగుతాను.