బరువు తగ్గే ఆపరేషన్ అయినంక

మా ఇంటామెకు బరువు తగ్గే ఆపరేషన్ బెంగళూరులో చేయించినాము. హోసూరులో మనోళ్ళు చానామంది అడుగుతా ఉండారు, అందుకే రాస్తా ఉండాను.

కడుపులో తిండి సంచిని ముక్కాలు భాగం కోసి తీసేస్తారు. మిగిలేది అరటికాయంత గొట్టం. మొదటి 2 వారాలు పలచటి మజ్జిగ, వడగట్టిన పప్పుకట్టు, అంతే. తర్వాత మెత్తగా మెదిపింది. సుమారు 6 వారాలు సంగటి ముద్ద ఊసే వద్దు. నీళ్ళబిందె కూడా ఎత్తనియ్యలేదు. తిన్నాక అరగంట ఆగి నీళ్ళు తాగాల.

మూడో నెలలో జుట్టు రాలి ఆమె ఏడ్చింది. మళ్ళా వస్తుందన్నారు డాక్టరమ్మ, వచ్చింది. విటమిన్ మాత్రలు మాత్రం బతికున్నంత కాలం మింగాల. బి12 తగ్గితే కాళ్ళు తిమ్మిరెక్కుతాయి, ఇనుము తగ్గితే రక్తం తగ్గుతుంది.

కొత్తల్లో జ్వరం, గుండెదడ, తగ్గని కడుపునొప్పి వస్తే తెల్లారేదాకా చూడొద్దు, వెంటనే ఆస్పత్రికి పోవాల.

ఆకలికన్నా చుట్టాలతోనే ఎక్కువ కష్టం. కృష్ణగిరిలో పెండ్లికి పోతే "ఇంతేనా వదినా, ఇంకొంచెం!" అని వడ్డిస్తారు. రెండు ముద్దలు ఎక్కువైతే వాంతే. ప్రేమతోనే పెడతారు, తెలుసు. ఆమె ఆకుమీద చెయ్యి అడ్డం పెడితే ఆగండి. అదే ఆమెకు మీరు చేసే మర్యాద.