గేటు దగ్గర అమ్మ

ఈ ఏడాది మా స్కీ క్లబ్బులో ఇంకో రెండు తెలుగు కుటుంబాలు చేరాయి. అక్టోబరు రాగానే ఆ ఇద్దరమ్మలూ ఫోన్ చేసి ఒకటే ప్రశ్న: "ఏమేం కొనాలక్కా?" మూడేళ్ళ క్రితం నేనూ ఇలాగే కంగారుపడ్డాను. మంచంటే పొద్దున్నే పారతో ఎత్తిపోసేది అనుకునేదాన్ని. దాని మీద పిల్లల్ని పరిగెత్తించి, సెకనులో నూరో వంతు దాకా లెక్కపెడతారని మినసోటా వచ్చాకే తెలిసింది. "జారిపడ్డానికి డబ్బులు కట్టడమేమిటే?" అంది మా అమ్మ వీడియో కాల్‌లో.

మాకు దగ్గర్లో బర్న్స్‌విల్‌లో బక్ హిల్ ఉంది. పేరుకే కొండ. ఎత్తు 300 అడుగులకు అటూ ఇటూ. 2010 వాంకూవర్ ఒలింపిక్స్‌లో డౌన్‌హిల్ స్వర్ణం గెలిచిన లిండ్సే వాన్ చిన్నప్పుడు నేర్చుకున్నది ఆ గుట్ట మీదే. అందుకే ఇక్కడ ఏ తల్లీ "మన దగ్గర పెద్ద కొండల్లేవు" అని సాకు చెప్పదు.

ఆ ఇద్దరికీ చెప్పిందే మీకూ చెప్తాను. ఎదిగే పిల్లలు కదా అని బూట్లు పెద్దవి కొనకండి. నేను ఆ తప్పు చేశాను. పట్టులంగాకి మడత వేయించి రెండేళ్ళు కట్టించినట్టు స్కీ బూటుతో కుదరదు. లోపల కాలు కదిలితే స్కీ మాట వినదు. పాతవి అమ్మే స్కీ స్వాప్‌లో స్కీలు, బూట్లు చవగ్గా దొరుకుతాయి. హెల్మెట్ మాత్రం కొత్తదే కొనండి. పాతది ఎక్కడ దెబ్బ తిన్నదో పైకి కనిపించదు. బూటుని స్కీకి పట్టి ఉంచే బైండింగ్‌ని ఏటా షాపులో సరిచేయించాలి. పడినప్పుడు స్కీ ఊడిరావాలి, మలుపులో ఊడిపోకూడదు. పిల్ల బరువు, ఎత్తు, వయసు, బూటు పొడవు చూసి దాన్ని బిగిస్తారు. రేస్ సూటు పల్చగా ఉంటుంది. స్టార్ట్ దగ్గర విప్పేసిన కోటు కిందికి మోసుకొచ్చే పని మనదే. ఫ్లాస్కులో వేడి చారు పోయండి. మా పాప జట్టులో ఇప్పుడు ముగ్గురు పిల్లలు "చారు తెచ్చారా ఆంటీ?" అని అడుగుతారు.

ఇవన్నీ కొంటే వచ్చేవి. కొంటే రానిది ఒకటుంది.

రేసు జరగాలంటే తల్లిదండ్రులు పని చెయ్యాలి. నాకు గేట్ జడ్జి పని ఇచ్చారు. కొండ వార నిలబడి, నాకు అప్పగించిన నాలుగు గేట్ల దగ్గర ప్రతి పిల్లా సరిగ్గా వెళ్ళిందో లేదో చూడాలి. రెండు స్కీల ముందు కొనలూ, రెండు పాదాలూ గేటు గీత దాటాలి. ఒక స్కీ కర్రకి అవతలా, ఒకటి ఇవతలా వెళ్తే తప్పు. "బ్యాక్" అని కేకెయ్యాలి. అంతకు మించి ఒక్క మాట అనకూడదు. కార్డు మీద బిబ్ నంబరు, గేటు నంబరు రాసి, తప్పెలా జరిగిందో చిన్న బొమ్మ గీయాలి.

పోయిన జనవరిలో స్లాలమ్ రేసు. ఫారెన్‌హీట్‌లో 5 డిగ్రీలు. మొదటి రన్‌లో మా పాపది ఆరో స్థానం. అంతకు ముందు ఎప్పుడూ మొదటి ఇరవైలో లేదు. రెండో రన్‌లో నా రెండో గేటు దగ్గర కుడి స్కీ కర్రకి అవతలి నుంచి వెళ్ళింది. కళ్ళారా చూశాను. "బ్యాక్" అని అరిచేసరికే ఇంకో మూడు గేట్లు దాటిపోయింది. తనకి వినపడలేదు.

కార్డు చేతిలో ఉంది. చుట్టూ ఎవరూ లేరు. పదేళ్ళ పిల్ల, కింద చేతులెత్తి గంతులేస్తోంది. రాయకపోతే ఎవరికీ తెలియదు. కానీ దాని వెనకాల ఏడో స్థానంలో ఉన్న పిల్లకీ అమ్మ ఉంటుంది కదా. వేళ్ళు కొంకర్లు పోతుంటే బొమ్మ గీశాను.

ఫలితాలు అంటించాక పాప తన నంబరు చూసుకుంది. అభ్యంతరం చెప్పడానికి 15 నిమిషాలు టైముంటుంది. కోచ్ కార్డు చూసి, చేతిరాత గుర్తుపట్టి, ఏమీ అనకుండా తిరిగిచ్చేశాడు. కారులో సగం దారి దాకా మాట లేదు. తర్వాత అడిగింది:

"నువ్వు చూశావా అమ్మా?"

"చూశాను."

"చూసి కూడా రాశావా?"

"రాశాను."

ఏడ్చింది. నేను డ్రైవ్ చేస్తున్నాను కాబట్టి ఏడవలేదు. ఆ రాత్రి నాతో కాకుండా వాళ్ళ నాన్నతో అన్నం తింది. తప్పు చేశానా అని నాకు చాలా రోజులు అనిపించింది. ఇప్పటికీ అప్పుడప్పుడు అనిపిస్తుంది.

మొన్న ఈ సీజన్ వాలంటీర్ ఫారం వచ్చింది. ఈసారి కేకులు, కాఫీ అమ్మే టేబుల్ దగ్గర పని తీసుకుందాం, హాయిగా లోపల వెచ్చగా ఉంటుంది అనుకున్నాను. పాప నా భుజం మీంచి చూసి, "గేట్ జడ్జే పెట్టమ్మా. నువ్వైతే సరిగ్గా చూస్తావు" అంది.

పెట్టాను. కొత్తగా వచ్చిన ఆ ఇద్దరమ్మలకీ అదే చెప్పాను, గేటు దగ్గరికి రండి అని. కాకపోతే పెన్ను తెచ్చుకోకండి. ఆ చలికి ఇంకు గడ్డకడుతుంది. పెన్సిలే రాస్తుంది.