మెత్తలో దొంగ

బోథ్‌లో హాస్టల్‌లో ఉండి తొమ్మిదో తరగతి చదువుతున్నప్పటి సంగతి. ఇంటి పత్తితో అమ్మ కుట్టిచ్చిన మెత్తలోంచి రోజూ దూది తగ్గిపోతుండేది. పక్క పడక వాడి మీద అనుమానంతో వాడితో మాటలు మానేశాను. చివరికి దొంగ ఉడుత అని తేలింది. వెంటిలేటర్‌లో దూది, గడ్డి, గోనె పీచుతో గూడు కట్టుకుంది.

కోపంగా కర్రతో గూడు లాగేశాను. దూదితోపాటు మూడు పిల్లలు కింద పడ్డాయి. ఒంటిమీద వెంట్రుక లేదు, కళ్లు ఇంకా తెరవలేదు. తల్లి కిటికీ మీద తోక ఎగరేస్తూ ఒకటే అరుపు. నేను పిల్లను తీయబోతుంటే ఆరో తరగతి తమ్ముడొకడు "ముట్టకు అన్నా, తల్లే తీస్కపోతది" అన్నాడు. అందరం వరండాలోకి వచ్చేశాం. నిజంగానే తల్లి దిగి, నోట కరుచుకుని వేపచెట్టు ఎక్కించింది. రెండింటినే. మూడోది అప్పటికే కదలడం లేదు.

తర్వాత చాలా ఏళ్లకు చదివాను. మన మూడు చారల ఉడుత దాదాపు 34 రోజులు మోసి, రెండో మూడో పిల్లల్ని కంటుంది. సాకే బాధ్యతంతా తల్లిదే. 10 వారాల దాకా పాలు, 9 నెలలకు ఈడు. దీని దూరపు చుట్టం, అమెరికాలోని చిప్‌మంక్, బుగ్గల సంచుల్లో గింజలు మోసుకెళ్లి బొరియలో దాచుకుని చలికాలం చాలావరకు నిద్రపోతుంది. మన ఉడుతకు ఆ నిద్ర లేదు, ఆదిలాబాద్ చలిలోనూ తిండికి తిరగాల్సిందే.

ఆ రాత్రి ఇవేవీ నాకు తెలియవు. పక్క పడక వాడితో "దొంగ దొరికిందిరా" అన్నాను. వాడు నవ్వలేదు. తన మెత్త విప్పి, పిడికెడు దూది తీసి కిటికీలో పెట్టాడు.